కడిగేసిన టెస్ట్ ట్యూబ్

ఆ పొద్దు మీటింగుకు పోయే ముందట నేను ఒక టెస్ట్ ట్యూబ్ కడిగిన. దాంట్లో మా ఈస్ట్ పొడి ఉన్నది, పొడి మీద నేను వేసిన అయోడిన్ చుక్కలు ఉన్నయి. పసుపు రంగుకు ఉండవలసిన నీళ్లు పాన్‌డబ్బా కాడి ఎర్రటి కాచు రంగుకు తిరిగినయి. ఆ రంగు చూసినంక నాకు అనుమానం మిగల్లేదు. నా లెక్క తప్పు. నా దగ్గర పనిచేసే అమ్మాయి లెక్క రైటు. నల్లా తిప్పి ట్యూబ్ కడిగి, స్టాండులో బోర్లించి, చేతులు తుడుచుకొని మీటింగుకు పోయిన. అక్కడ అందరి ముందట ఆ అమ్మాయి చెయ్యి మంచిది కాదన్నరు. నేను ట్యూబ్ సంగతి చెప్పలేదు.

ఇది రాయొద్దని నాకు చెప్పినవాళ్లున్నరు. పాత ముచ్చట ఇప్పుడెందుకు తవ్వుతవని ఒకరన్నరు. నీ పేరే ఖరాబ్ అయితదని ఇంకొకరన్నరు. కానియ్యి. ఇన్నేండ్లు నా పేరు బాగుండడానికి ఇంకొకరి పేరు ఖరాబ్ అయింది కద, అప్పుడు వీళ్లెవరూ వద్దనలేదు. ఇది చదివి మా పాత సార్లు ఫోన్ చేస్తరు. చెయ్యనీ. ఎత్తుత.

మా ఫ్యాక్టరీ పటాన్‌చెరు దాటి ముత్తంగి దిక్కు పోయే దారిలో ఉంటది. బీరు ఫ్యాక్టరీలు వాడి విడిచిపెట్టిన ఈస్ట్ మాకు డ్రమ్ముల్లో వస్తది. ఎండకాలం ఆ డ్రమ్ము మూత తీస్తే పులిసిన వాసన రోడ్డు దాక కొడతది. కొత్తగ చేరినవాళ్లు మొదటి వారం అన్నం తినలేరు. తర్వాత వాళ్లకు ఆ వాసన తెల్వనే తెల్వదు, ఇంట్లోవాళ్లకు తెలుస్తది.

ఈస్ట్ అంటే ఒక్క కణం ప్రాణి. దానికి చుట్టూ గోడ ఉంటది. ఆ గోడను కట్టింది చక్కెరలే, కాకపోతే గొలుసుల్లాగ అల్లుకున్న చక్కెరలు. లోపలి వరసను గ్లూకన్ అంటరు, బయటి వరసను మనన్ అంటరు. ఆ గ్లూకన్ తీసి, పొడి చేసి కోళ్ల దాణాలో, రొయ్యల మేతలో కలుపుతరు. రోగాన్ని తట్టుకునే బలం వస్తదని కొంటరు. ఏ రకం ఈస్ట్‌కు గోడ మందంగ ఉన్నది, ఏ గోడలో గ్లూకన్ ఎక్కువున్నది, ఇది చూసి చెప్పుడే మా ల్యాబ్ పని. నా నౌకరీ అంతా ఈ గోడల మీదనే గడిచింది. దీనికి నవ్వేవాళ్లను చాలామందిని చూసిన. మొదటివాడు మా అన్నే.

మాది సంగారెడ్డిలో పప్పుల దుకాణం. నేను ఎమ్మెస్సీ చదివి ఈ ల్యాబ్‌లో చేరితే మా అన్న గల్లా మీద కూసొని గిరాకీల ముందటనే అడిగేటోడు.

"ఏంరా, గింత చదివి ఈస్ట్‌కు తోలు ఒలుస్తున్నవా? కందులకు పొట్టు తీసుడు మేము ఈడ నేర్పకపోతిమా?"

"పొట్టే అన్నా. కాకపోతే మేము పొట్టు ఉంచుకొని పప్పు పారేస్తం."

"ఇగ మునిగినట్టే మీ కంపెనీ" అనేటోడు.

నవ్వుతడు గానీ, మా ఇంట్లో నేను చూసిన ఒక నమ్మకం గురించి మాత్రం చెప్పాలె. మామిడికాయ తొక్కు పెట్టే దినం మా అమ్మ, మా చిన్నమ్మను జాడీ ముట్టనిచ్చేది కాదు. ఆమె చెయ్యి మంచిది కాదు, బూజు పడతది అనేది. చిన్నమ్మ దూరం కూసొని ఎల్లిగడ్డలు ఒలిచేది. ఆమె చేతికి బూజుకు సంబంధం లేదని నేను కాలేజీలో చదివిన. చదివి ల్యాబ్‌కు వస్తే అక్కడ కూడ అదే మాట. ఈస్ట్ పెంచే ప్లేటు మీద బూజు వచ్చినా, ట్యాంకులో బ్యాచ్ చెడినా, మా సార్లు మొదలు అడిగేది ఒక్కటే: ఎవరి చెయ్యి? పెద్ద పెద్ద మిషన్లు వచ్చినయి, ఆ మాట పోలేదు. ఒక్కసారి పడితే మనిషి ఏ ఫ్యాక్టరీకి పోయినా వెంబడి పోతది. ఈ ఫ్యాక్టరీల పట్టీలో అందరికీ అందరూ తెలుసు.

ఆ మాట ఎవరి మీద అతుక్కుంటదో, ఎవరి మీద అతుక్కోదో కూడ నాకు తెలుసు. నా చేతి కింద ఎన్ని బ్యాచ్‌లు బూజు పట్టలేదు! ఒక్కనాడు నన్నెవరూ ఆ మాట అనలేదు. సేఠ్ల ఇంటి పిల్లగాడు, శుభ్రం అనేటోళ్లు. అమ్మానాయన కూలికి పోయే ఇంటి నుంచి వచ్చిన పిల్ల మీద వేస్తే మాత్రం ఊరకనే అతుక్కుంటది.

ఆ అమ్మాయి లక్డారం నుంచి వచ్చేది. కంకర మిషన్ల ఊరు కద, షేర్ ఆటో దిగంగనే చున్నీ దులిపితే తెల్లటి దుమ్ము లేచేది. ఎమ్మెస్సీ అయిపోంగనే మా దగ్గర చేరింది. ప్రతి పనికి "ఎందుకు సార్?" అని అడిగేది. కాస్టిక్ సోడాలో ఉడకబెట్టుమంటే ఎందుకు, యాసిడ్‌తో కడుగుమంటే ఎందుకు. నాకు ముందుగాల కోపమొచ్చేది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత ఆమె అడగని దినం ఏదో వెలితిగ ఉండేది.

మా ల్యాబ్‌లో అప్పుడు మూడు రకాల ఈస్ట్ ఉండె. నంబర్లు ఉన్నయి గానీ మేము బీరు, రొట్టె, కల్లు అని పిలుచుకునేటోళ్లం. కల్లు ఈస్ట్ నాది. నాది అంటున్న గానీ ఆ కల్లు తెచ్చింది ఆమె. ఈతకల్లు నుంచి ఈస్ట్ వేరు చేసి చూద్దామని నేనంటే, తెల్లారి వాళ్ల ఊరి నుంచి స్టీల్ క్యాన్ నింపుకొని వచ్చింది. గేటు కాడ బిహార్ వాచ్‌మన్ మూత తీసి వాసన చూసిండు.

"మేడం, డ్యూటీ మే తాడీ?"

"పీనే కా నై భయ్యా. ఇస్‌కే అందర్ కా కీడా నికాల్‌తే."

వాచ్‌మన్ క్యాన్‌లోకి తొంగి చూసిండు, పురుగు కనపడలేదు. నేను పోయి విడిపించుకొని వచ్చిన. తర్వాత చాలా దినాలు అతను నన్ను చూసి, "సాబ్, కీడా మిలా?" అని అడిగేటోడు.

ఆ కల్లు ఈస్ట్‌కు గ్లూకన్ ఎంతున్నదో చూస్తే, మిగతా రెండిటికన్న చాలా ఎక్కువ వచ్చింది. ఎట్ల వచ్చిందో ఇక్కడ చెప్తేనే తర్వాతి సంగతి అర్థమైతది. గోడను యాసిడ్‌లో ఉడకబెడితే గొలుసులు తెగి చక్కెర బయటికొస్తది, ఆ చక్కెరను కొలుస్తం. అయితే ఈస్ట్ కడుపులో కూడ తిండి దాచుకుంటది. దాన్ని గ్లైకోజెన్ అంటరు. అది కూడ చక్కెర గొలుసే. గోడది ఏదో, దాచుకున్నది ఏదో యాసిడ్‌కు తెల్వదు. సంచిని తూకమేస్తే కందులతోపాటు రాళ్లు కూడ తూగినట్టు, రెండూ కలిసి లెక్కకు వస్తయి. అందుకే ముందుగాల ఒక ఎంజైము వేసి, దాచుకున్నదాన్ని కరగదీసి పారబోయాలె. మిగిలినదే గోడ.

ఆ ఎంజైము సీసా అయిపోయింది. కొత్తది ఇంకా రాలేదు. ఆగుదామా సార్ అని ఆమె అడిగింది.

"కాస్టిక్‌లో ఉడికినంక ఇంకా గ్లైకోజెన్ ఎక్కడ మిగుల్తది? కడిగేటప్పుడే పోతది. ఆ స్టెప్ విడిచిపెట్టు" అన్న.

చాలా వరకు పోతది, నిజమే. కానీ కొంత గ్లైకోజెన్ గోడకే అంటుకొని ఉంటది, అది కాస్టిక్‌కు కూడ రాదు. ఇది నేను చదివిందే. నా కల్లు ఈస్ట్ మీద ఇష్టంతో మరిచిపోయిన అందామా? మరిచిపోలేదు. ఎక్కువ వచ్చిన లెక్క చూసినంక గుర్తు తెచ్చుకోవాలనిపించలేదు.

మా పెద్ద సార్ ఆ లెక్క చూసి భుజం తట్టిండు. లోకల్ ఈస్ట్, మన ఈతకల్లు, బీరు ఈస్ట్‌ను కొట్టింది అని పైవాళ్లకు చెప్పిండు. పెద్ద ట్యాంకులో కల్లు బ్యాచ్ పెట్టడానికి తయారీ మొదలైంది. నేను సంగారెడ్డి పోయి మా అన్నకు కూడ చెప్పిన. ఆయన మొదటిసారి నవ్వలేదు. అది నాకు ఎంత గొప్పగ అనిపించిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగ ఉన్నది.

అప్పుడు ఎంజైము సీసా వచ్చింది. నేను సెలవు మీద ఉంటే ఆమె మూడు రకాలూ మళ్ల చేసింది. నేను వచ్చినంక సెంట్రిఫ్యూజ్ మిషన్ కాడ నిలబడి చెప్పింది.

"సార్, మీ కల్లుకు షుగర్ ఉన్నది."

"ఏందమ్మా?"

"షుగర్ బీమారి సార్. బాగ తిని లోపల దాసుకున్నది. గోడ అనుకొని దాని కడుపు గూడ మనం తూకమేసినం. ఎంజైము పెట్టి చూస్తె బీరు కన్న తక్కువొచ్చింది."

నేను నవ్వలేదు. "మళ్ల చెయ్యి" అన్న. చేసింది. అదే వచ్చింది.

"ఎంజైము పాడైందేమో" అన్న.

"బీరుకు, రొట్టెకు పాడుగాంది మీ కల్లుకే పాడైతదా సార్? నమ్మకపోతె అయోడిన్ వేసి చూడుండ్రి. లోపల తిండి ఉంటె కాచు రంగుకొస్తది, లేకుంటె పసుపే ఉంటది. గింత పని."

చూస్తలే అన్న. మీటింగ్ ఉన్న పొద్దున, ఎవరూ రాకముందే వచ్చి చూసిన. ఆ తర్వాత ట్యూబ్ కడిగిన. పైన చెప్పింది అదే.

మీటింగులో పెద్ద సార్ ముందట రెండు లెక్కలు ఉన్నయి, ఒకే ఈస్ట్‌వి. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు.

"ఒకటే ఈస్ట్‌కు రెండు జవాబులేంది? ఇది ఎవరి చెయ్యి?"

ప్రొడక్షన్ మేనేజర్ నవ్వుతూనే అన్నడు. ట్యాంకు తయారీ పని ఆయనదే, ఆపడం ఆయనకు ఇష్టం లేదు. "కొత్త పిల్ల చేసింది కద సార్. ఆ పిల్ల చెయ్యి మంచిగ లేదేమో. మొన్న గూడ ఆమె ప్లేట్లే బూజు పట్టినయట."

కొందరు నవ్విన్రు. ఆమె లేచి నిలబడ్డది.

"నా చెయ్యి సంగతి పక్కకు పెట్టుండ్రి సార్. అయోడిన్ తెస్త. మీ అందరి ముందటనే వేస్త, మీరే చూడుండ్రి."

"కూసో అమ్మా. ఇది మీటింగ్, కాలేజ్ ప్రాక్టికల్ కాదు" అన్నడు పెద్ద సార్.

ఆమె కూసోలేదు. నా దిక్కు తిరిగింది. "సార్, మీరైన చెప్పుండ్రి."

అందరూ నన్ను చూసిన్రు. నేను పిడికిలి బిగించి చెయ్యి బల్ల కిందికి తీసుకున్న.

"ఇంకొకసారి చూద్దాం" అన్న.

మా ల్యాబుల్లో ఆ మాటకు ఒకటే అర్థం. ఈ లెక్క పనికిరాదు, పారెయ్యి అని. అక్కడున్న ప్రతి ఒక్కరికి అది తెలుసు, నాకు అందరికన్న బాగ తెలుసు. నేను అబద్ధమేమీ చెప్పలేదు కద అని ఆ తర్వాత ఎన్నోసార్లు నాకు నేనే నచ్చజెప్పుకున్న. ఇప్పుడు చెప్తున్న, అబద్ధం చెప్పినా ఇంతకన్న నయం ఉండేది. అబద్ధమైతే ఆమె ఎదిరించేది. "ఇంకొకసారి చూద్దాం" అన్నదాన్ని ఎవరు ఎట్ల ఎదిరిస్తరు?

ఆమెను ల్యాబ్ నుంచి తీసి యార్డులో డ్రమ్ముల శాంపిల్ పనికి వేసిన్రు. ఎండలో, వాసనలో కొన్ని నెలలు చేసి మానేసింది. పోయే దినం నాకు నమస్తే పెట్టింది గానీ ఏమీ అడగలేదు. ఎందుకు అని అడగవలసిన దినమే అడగలేదు.

ఆమె ల్యాబ్ నుంచి పోయినంక నేను చేసిన పని ఇంకొకటున్నది. కల్లు ఈస్ట్ మెల్లగ పెరుగుతున్నది, లాభం లేదు అని చెప్పి పెద్ద ట్యాంకు ఎక్కకముందే పక్కకు పెట్టించిన. ఎంజైము స్టెప్ తప్పకుండ చెయ్యాలని కొత్తగ నియమం పెట్టిన, చివర్లో అయోడిన్ పరీక్షతో సహా. లెక్కలు మంచిగ రాసాగినయి, కొనేవాళ్లు మెచ్చుకున్నరు. కొత్తగ చేరిన పిల్లలు దాన్ని "సార్ స్టెప్" అనుడు మొదలుపెట్టిన్రు. సార్ స్టెప్ అయిందా? సార్ స్టెప్ మరిచిపోకు. దినాం వినేటోణ్ని. ఒక్కసారి కూడ అది నాది కాదనలేదు. మాట ఆమె మీద పడ్డది, ఆమె పని నా మీదికొచ్చింది. కంపెనీకి నష్టం కాలేదు, నాకు కాలేదు. ఆమెకొక్కదానికే అయింది.

ఇట్లనే రిటైర్ అయ్యేవాణ్నేమో. మొన్న ఎండకాలం ఒక ఫోన్ వచ్చింది. సంగారెడ్డి రోడ్డులో కొత్తగ ఒక ల్యాబ్ పెట్టిన్రు, మాలాగే ఈస్ట్ మీద పనిచేస్తది. దాని హెడ్ చిన్న వయసు అబ్బాయి, తెల్లాపూర్‌లో ఆ ఎత్తు బిల్డింగుల్లో ఉంటడు. మీటింగుల్లో రెండుసార్లు కలిసినం.

"సార్, ఒక మేడం మా దగ్గర అప్లై చేసిన్రు. మీ దగ్గర చేసిన్రట. మంచిగ మాట్లాడిన్రు, నాకైతే నచ్చిన్రు. కాని మా ప్రొడక్షనాయన వద్దంటున్నడు. చెయ్యి మంచిది కాదట కద?"

"మంచిదే" అన్న.

అబ్బాయి నవ్విండు. "అర్థమైంది సార్. మీరు పెద్దమనుషులు, ఇంతకన్న ఏం చెప్తరు."

"అట్ల కాదు, నిజంగనే మంచిది."

"పర్లేదు సార్. సోమవారం వేరే ఆయన్ను తీసుకుంటున్నం ఎట్లాగు."

నేను ఆమె చెయ్యి మంచిదంటే కూడ మర్యాదకు అన్నట్టే అయింది. అంత గట్టిగ అతుక్కున్నదన్నమాట. ఫోన్ పెట్టెయ్యకముందే అన్న, "సోమవారం పొద్దున మా దగ్గరికి రా. చాయ్ తాగి పో. అప్పటిదాక ఎవర్నీ తీసుకోకు." ఎందుకని అడిగిండు. వస్తే తెలుస్తదన్న. ఏం చెయ్యాల్నో నాకే అప్పటికి తెల్వదు.

తెల్లారి బండి మీద లక్డారం పోయిన. ఇల్లు అడిగి పట్టుకున్న. ఆమె వాకిట్లో స్కూల్ పిల్లల పేపర్లు దిద్దుకుంట కూసున్నది. భర్త ముత్తంగి గోదాములో పని చేస్తడట, డ్యూటీకి పోయిండు. నన్ను చూసి లేవలేదు. కొద్దిసేపటికి కుర్చీ చూపించింది.

"కూసోండ్రి సార్. దుమ్ముంటది, తుడుచుకొని కూసోండ్రి."

"ఏం చేస్తున్నవమ్మా ఇప్పుడు?"

"ప్రైవేట్ బడిల సైన్స్ చెప్తున్న. పిల్లలతోని కణం బొమ్మలు గీపిస్తున్న. గోడ గీసినప్పుడల్ల మీరే యాదికొస్తరు."

అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. నేను మొదలుపెట్టిన. "ఆ పొద్దు మీటింగ్ కన్న ముందు నేను..."

"అయోడిన్ వేసిన్రు" అన్నది.

నీకెట్ల తెలుసని అడిగిన.

"మీ బొటనవేలు సూసిన సార్. గోరు పొంటి గోధుమ రంగున్నది. అయోడిన్ గంత జల్దీ పోదు. మీరు చెయ్యి కిందికి తీసుకునేటప్పుడు కనవడ్డది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తె ఎవరు వింటుండె? నా చెయ్యే మంచిది కాదంటిరి, ఇగ నా కండ్లు మంచియంటరా? అది మీ నోటి నుంచే రావాలె అనుకున్న. ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తది అని మీ మొఖమే సూసిన." పేపర్ల మీద దుమ్ము ఊదింది. "రాలే."

నేను కుర్చీ నుంచి లేచిన. చేతులు జోడించబోయిన. ఆమె గట్టిగనే ఆపింది.

"ఆగుండ్రి. ఈడ వద్దు సార్. నా మాట ఈడ పోలే. మా ఊళ్లె ఎవర్నన్న నలుగుర్ల ఒక మాటంటె, అది తప్పని తేలినప్పుడు ఆ నలుగుర్లనే, ఆ జాగలనే ఎనుకకు తీసుకుంటరు. గిట్ల ఇంటికొచ్చి చెవుల చెప్తె అది మాఫీ కాదు. మీ మనసు నిమ్మళం చేసుకునుడు."

"సోమవారం మీటింగుంది. నువ్వు రా."

"వచ్చి?"

"అయోడిన్ వేసి చూపిద్దువు."

"నేనెందుకేస్త?" ఆమె మొట్టమొదటిసారి నవ్వింది, కానీ ఆ నవ్వు మంచిగ లేదు. "నేనప్పుడే ఏస్తనన్న, ఎవరూ సూడలే. ఇప్పుడు మీరెయ్యాలె. మీ చేతితోనే. నేను కూసొని సూస్త. మాఫ్ చేస్తనని మాత్రం ఇప్పుడే మాటియ్య."

సరేనన్న. చాయ్ ఇయ్యలేదు. ఇయ్యకపోవుడే నాకు మంచిగనిపించింది.

శనివారం పెద్ద సార్ గదికి పోయి చెప్పిన. ఆయనకు ఇప్పుడు జుట్టంతా తెల్లబడ్డది, మాట మాత్రం అట్లనే ఉన్నది.

"క్యా సాబ్, తబియత్ ఠీక్ హై నా? ఎన్నడో అయిపోయిన దానికి ఇప్పుడు పంచాయితీ ఏంది?"

"ఆమెకు అయిపోలేదు సార్. ఇప్పుడు గూడ నౌకరీ పోతున్నది."

"కంపెనీ ఇజ్జత్ సంగతి ఆలోచించినవా?"

"కంపెనీ ఇజ్జత్ మన గ్లూకన్‌ల ఉన్నది, అది మంచిగనే ఉన్నది. పోయేది నా ఇజ్జత్. పోనియ్యండి."

"నా పేరు గూడ వస్తది."

"ఎవరి చెయ్యి అని అడిగింది మీరే కద సార్. వస్తది."

ఆయన మొఖం ఎర్రబడ్డది. "నేను పర్మిషన్ ఇయ్య."

"సోమవారం మీటింగ్ నడిపించేది నేను. ఆపాలనుకుంటే అందరి ముందట ఆపుండ్రి. ఎందుకు ఆపుతున్నరో గూడ అందరి ముందటనే చెప్పుండ్రి."

ఆ గదిలో నేను ఆయన మాటకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. బయటికొచ్చి గడియారం చూస్తే అంతా ఐదు నిమిషాల్లో అయిపోయింది. నా మీద నాకే కోపమొచ్చింది. ఈ ఐదు నిమిషాలను తప్పించుకోవడానికా నేను ఒక మనిషి నౌకరీని, పేరును బలి పెట్టింది?

కల్లు ఈస్ట్ పొడి డబ్బా నా అల్మారాలో వెనుక మూలకు ఉన్నది. మిగతా పాత శాంపిల్స్ అన్నీ పారేయించిన గానీ దాన్ని పారేయలేకపోయిన, ముట్టనూలేకపోయిన. మూత బిగించి ఉన్నది, పొడి ఎండే ఉన్నది. దాన్ని రెండు భాగాలు చేసి, ఒకదానికి ఎంజైము పట్టించిన, ఇంకొకదానికి పట్టించలేదు. ఎవరి సాయమూ తీసుకోలేదు.

సోమవారం పొద్దున ఆమె వచ్చింది. గేటు కాడ ఆ పాత వాచ్‌మనే ఉన్నడు. మీసం నెరిసింది, గుర్తుపట్టిండు.

"మేడం! ఆజ్ భీ తాడీ లాయే?"

"నై భయ్యా. ఆజ్ ఖాలీ హాత్" అని ఉత్త చేతులు చూపించింది.

మీటింగ్ గదిలో ఆనాడు కూసున్న దిక్కే కూసున్నది, బ్యాగు ఒడిలో పెట్టుకొని. ప్రొడక్షన్ మేనేజర్ ఆమెను చూసి, నన్ను చూసి, మళ్ల ఫోన్ చూసుకున్నడు. కొత్త ల్యాబ్ అబ్బాయి గోడ పక్కకు ఒక కుర్చీ జరుపుకున్నడు. ఏం జరుగుతున్నదో తెల్వక మా పిల్లలు ఒకరినొకరు చూసుకున్నరు. పెద్ద సార్ లోపలికి రాలేదు, పోనూ లేదు. తలుపు కాడ నిలబడ్డడు.

నేను రెండు ట్యూబులు బల్ల మీద పెట్టిన.

"ఏంది సాబ్ ఇది, ప్రాక్టికలా?" అన్నడు ప్రొడక్షన్ మేనేజర్.

"ఔ. ప్రాక్టికలే. ఆ దినం చెయ్యనియ్యలేదు కద."

ఎంజైము పట్టించిన దాంట్లో మొదలు అయోడిన్ వేసిన. పసుపుగనే ఉన్నది. రెండో దాంట్లో వేసి కొద్దిగ ఊపిన. కాచు రంగు. వెనుక కూసున్న పిల్లలు కూడ లేచి నిలబడి చూసిన్రు. ఒక పిల్ల మెల్లగ, "సార్, ఇది మన సార్ స్టెప్పే కద?" అన్నది.

"కాదు" అన్న.

ఈసారి ట్యూబ్ కడగలేదు. బల్ల మీదనే పెట్టిన, ఎవరు చూడాలనుకుంటే వాళ్లు చూసేటట్టు. నా బొటనవేలికి అయోడిన్ అంటుకున్నది, తుడుచుకోలేదు.

ఆమెకు ఆ నౌకరీ వచ్చిందా అని అడిగేవాళ్లుంటరు. వచ్చింది. అది నేను ఇప్పించింది కాదు, ఆమె సంపాదించుకున్నది, నేను అడ్డం నుంచి తప్పుకున్న అంతే. ప్రొడక్షన్ మేనేజర్ నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. పెద్ద సార్ నమస్తేకు జవాబిస్తడు గానీ ఆగడు. మా అన్న ఒక్కడే, అంతా విని, "ఇన్నేండ్లు రాళ్లు కలిపి అమ్మినవన్నమాట" అన్నడు. ఔనన్న. ఆమె నన్ను మాఫ్ చేసిందో లేదో నాకు తెల్వదు. అడగను. అది నేను అడిగి తీసుకునేది కాదు.

ఆ సోమవారం ఆ గదిలో, మొదలు అందరితోని, చివరికి ఆమె దిక్కు తిరిగి నేను అన్న మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాస్తున్న. రేపు ఎవరన్న వేరేగ చెప్తే ఇది చూపించుకోవచ్చు.

"ఆనాడు మీటింగ్ కన్న ముందే అయోడిన్ నేను వేసిన. రంగు నేను చూసిన. ట్యూబ్ నేను కడిగిన. ఈమె లెక్క రైటు, నా లెక్క తప్పు అని తెలిసే ఇక్కడ కూసొని, ఇంకొకసారి చూద్దాం అన్న. ఈమె చెయ్యి మంచిది కాదన్న మాట ఈ గదిలో పడ్డది. ఈ గదిలోనే దాన్ని వాపస్ తీసుకుంటున్న. మీరు నా పేరు మీద పిలుస్తున్న స్టెప్ ఈమెది, నాది కాదు. అమ్మా, నువ్వు నా మొఖం చూసినప్పుడు నేను చెప్పవలసి ఉండె. చెప్పలేదు. తప్పు నాది. మాఫ్ చెయ్యమ్మా."